చలనచిత్రోత్సవమున ఒక దినము



చలనచిత్రోత్సవమను మాట మీరు పత్రికలలో చదివియే యుందురు. బంగారు నెమలి యనియు, ఎఱ్ఱ తివాసి యనియు వ్రాసి, తారల బొమ్మలు అచ్చువేయుదురు. కాని అక్కడ జరుగునదేమి, అది మన అమలాపురమున శుక్రవారము విడుదలయగు ఆటకంటె ఎట్లు భిన్నము, అచ్చటికి పోయిన మనుష్యుడు ఉదయము మొదలు రాత్రివరకు ఏమి చేయును అను సంగతులు వ్రాయరు. ముప్పది యేండ్లకు పైగా బాలురకు తెలుగు చెప్పి విశ్రాంతి నొందిన నేను, 2024వ సంవత్సరము నవంబరు మాసమున గోవాలో జరిగిన 55వ భారత అంతర్జాతీయ చలనచిత్రోత్సవమునకు పోయి, మూడు దినములు నిలిచి వచ్చితిని. అందొక దినమును గూర్చి మీకు విన్నవించెదను. “శబ్దమంజరి చదివినవారికి సినిమాల పండుగ ఎందుకండీ?” అని మా వీథిలో నన్నడిగినవారు కలరు. వారికిని ఇదియే సమాధానము.

ఉత్సవ స్వరూపమును తెలుపుటకు మన సీమవారికి దూరపు దృష్టాంతము అక్కరలేదు. కనుమనాడు జగ్గన్నతోటలో జరుగు ప్రభల తీర్థమును తలచుకొనుడు. పదునొకండు గ్రామముల రుద్రులు ఆ తోటకు వత్తురు. ఏ యూరి ప్రభను ఆ యూరివారే వెదురుతో కట్టి, రంగు వస్త్రములు చుట్టి, భుజములమీద నెత్తుకొని, వరిచేలకు అడ్డముగా నడచి, కాలువలో దిగి దాటించి తెత్తురు. అన్నియు ఒక్కచోట నిలిచినప్పుడు చూపరికి ఊరూరి చేతిపనియు, ఊరూరి పంతమును ఒక్క చూపులో తెలియును. సాయంకాలమునకు ఎవరి ప్రభను వారు కొనిపోవుదురు. చలనచిత్రోత్సవమును ఇట్టిదే. ఆ సంవత్సరము గోవాకు 81 దేశములనుండి 180కి పైగా చిత్రములు వచ్చినవి. అందు అనేకములు మన యూళ్లకు మరి రావు. అంగడిలో అమ్మకమునకు పెట్టిన సరకు వేరు, తీర్థమునకు మోసితెచ్చిన ప్రభ వేరు. ఈ భేదము తెలిసినచో మిగిలినది సులభము.

ఈ ఆచారము ఇటలీ దేశమున వెనిసు నగరమునందు 1932లో మొదలైనది. ఆ యూరికే 1937లో మన మరాఠీవారి ‘సంత్ తుకారాం’ పోయి, మేలైన మూడు చిత్రములలో నొకటిగా ఎన్నికయైనది. ఒక పల్లెటూరి భక్తుని కథ, అభంగములతో నిండినది, భాష తెలియని యూరోపువారి మనసు పట్టినదన్నమాట. ఫ్రాన్సు దేశపు కాన్ నగరమున 1946లో ఉత్సవము ఆరంభమైన ఏడే చేతన్ ఆనందుగారి ‘నీచా నగర్’ అచ్చటి ప్రథమ బహుమానమును పంచుకొన్నది. మన దేశమున తొలి ఉత్సవము 1952 జనవరి 24వ తేదీన బొంబాయిలో మొదలై, మద్రాసు, ఢిల్లీ, కలకత్తా నగరములకు నడచినది. అందు తెలుగువారి ప్రభ ఏది? కె. వి. రెడ్డిగారి ‘పాతాళభైరవి’. తోటరాముడును నేపాళ మాంత్రికుడును ఇటలీవారి ‘బైసికిల్ థీవ్స్’ ప్రక్కన నిలిచిరి. ఒకటి మాయల కథ, రెండవది సైకిలు పోగొట్టుకొన్న పేద కూలివాని కథ. ఆ రెంటినిచూచిన మన యువకులు కొందరు తరువాత ఇంటికి పోయి సినిమాను గూర్చి వేరుగా ఆలోచింపసాగిరని చరిత్రకారులు వ్రాయుదురు.

బంగారు నెమలి బహుమానము 1965లో మొదలైనది. తొలి నెమలి సింహళమునకు పోయినది. ఆ చిత్రము పేరు ‘గంపెరలియ’, అనగా గ్రామ పరివర్తనము. పాత పెద్దింటి గోడలు బీటలువారుటయే అందలి కథ. మన సీమలో మండువా లోగిళ్లు ఎన్ని పడిపోయినవో ఎరిగిన మీకు ఆ కథ విప్పి చెప్పనక్కరలేదు. 1986లో ఈ ఉత్సవము మన హైదరాబాదునకే వచ్చినది. బాలల చిత్రోత్సవము 1999 నుండి 2017 వరకు ఏడు విడిచి ఏడు అచ్చటనే జరిగినది. 2004 నుండి పెద్ద ఉత్సవము గోవాలో నెలకొన్నది. ఇక పరదేశములలో మనవారి గౌరవమునకు ఒక్క యుదాహరణము చాలును. ‘నర్తనశాల’లో కీచకుడైన ఎస్. వి. రంగారావుగారు 1964లో జకార్తా ఉత్సవమున ఉత్తమ నటుడుగా ఎన్నికైరి. మన ఇండ్లలో ఎందరికి ఆ మాట తెలియును?

ప్రయాణమును గూర్చి ఎక్కువ చెప్పను. రాజమహేంద్రవరమున అమరావతి ఎక్స్‌ప్రెస్సు ఎక్కినచో హుబ్లీ దాటి, కనుమలలో దూధ్‌సాగర్ జలపాతము ప్రక్కగా దిగి, మడగాము చేరవచ్చును. పణజీ పట్టణము మాండవి నది యొడ్డున నున్నది. కొబ్బరిచెట్లు, నదిమీద పంటు, ఎఱ్ఱ పెంకుల యిండ్లు చూడగా కోటిపల్లి రేవున నిలిచినట్లే తోచినది. కాయ మాత్రము మన కాయంత లేదు.

ఉత్సవమునకు పోవువారు ముందుగా పేరు నమోదు చేసికొని, రుసుము చెల్లించి, మెడలో వ్రేలాడదీసికొను గుర్తుచీటి పుచ్చుకొనవలెను. ఏ శాలలో ఎన్ని గంటలకు ఏ చిత్రమో తెలుపు పట్టిక ఇత్తురు. దానిని పంచాంగమువలె చదువవలెను. ఒకే గడియకు నాలుగైదు చిత్రములుండును, ఒకదానిని కోరినచో నాలుగు విడువవలసినదే. కోరినదానికి ముందటి దినముననే సెల్‌ఫోనులో చోటు పట్టవలెను. అట్లు పట్టనివారికి వేరొక వరుస గలదు. చోటు పట్టినవారందరు లోపలికి పోయిన పిమ్మట మిగిలిన కుర్చీలు ఈ వరుసవారివి. నేను ఈ రెండవ వరుసలోని వాడను. ఏమన్నను, సెల్‌ఫోనులో పుట్టిన పిల్లలతో ఈ పరుగు మన తరమువారికి సాధ్యము కాదు. ఓపికయందు మాత్రము వారు మనకు చాలరు.

ఉదయము ఎనిమిది గంటలకే వరుస వీథివరకు సాగినది. నా ముందు హైదరాబాదులో చిత్రవిద్య నేర్చుకొనుచున్న ఒక తెలుగు బాలిక, వెనుక కేరళమునుండి వచ్చిన విశ్రాంత ఉపాధ్యాయుడు. ద్వారమువద్ద కాపలావారు సంచులు వెదకుచు, తినుబండారములు లోపలికి కూడదని చెప్పుచుండిరి. నా సంచిలో ఆత్రేయపురపు పూతరేకులు కలవు. వాని పొట్లము విప్పిన కాపలాదారు, “ఈ కాగితములేమి?” అని హిందీలో నడిగెను. తినుడని సైగ చేసితిని. కాగితము తినుమను వృద్ధుని అతడు జాలితో చూచెను. ఆ బాలిక నవ్వాపుకొనలేక ఒక రేకు తీసి నోట వేసికొని చూపినది. అంతట అతడును ఒకటి తినెను. తరువాత వరుసలో పదిమంది తినిరి. నేను లోపలికి పోవునప్పటికి పొట్లము ఖాళీ, నిబంధనయు నిలిచినది. “తాతగారూ, రేపు కూడా ఇదే వరుసలో నిలబడండి” అని బాలిక అన్నది. “ఆయ్, అలాగేనమ్మా” అంటిని.

ఆ యుదయము నాకు లభించినది లిథుయేనియా దేశపు చిత్రము, ‘టాక్సిక్’, అనగా విషపూరితము. తీసినది సౌలే బ్లియువాయిటే అను యువతి. ఆమెకిది తొలి దీర్ఘచిత్రము. కర్మాగారముల పొగలో నున్న ఒక చిన్న యూరు. తల్లి విడిచిపోగా అమ్మమ్మ యింట చేరిన పదుమూడేండ్ల పిల్ల, కొంచెము కుంటుచు నడచును. దానికి ఈడైన మరియొక పిల్లతో స్నేహము. ఆ యూర అందగత్తెలను తయారుచేయు పాఠశాల యొకటి. సన్నగా నున్నచో పారిసుకో టోక్యోకో పంపుదుమని ఆశ పెట్టుదురు. ఆ ఆశచే ఆ పిల్లలు తిండి మానుదురు. తుదకు ఒక పిల్ల సన్నబడుటకై బద్దెపురుగు గ్రుడ్డును మ్రింగును. అవును, మీరు విన్నది నిజమే.

మన అలవాటు సినిమాలో ఇట్టి ఘట్టమునకు ముందొక పాటయు, వెనుకనొక హాస్యమును ఉండును. మధ్యను విశ్రాంతియుండును, లేచి పోయి టీ త్రాగి మనసు కుదుటపరచుకొనవచ్చును. ఉత్సవ చిత్రములలో పెక్కింటికి పాటలుండవు, విశ్రాంతియుండదు. గంటన్నర, రెండు గంటలు ఏకముగా నడచును. భాష తెలియదు గదా అందురేమో. తెర యడుగున ఇంగ్లీషులో మాటల భావము పంక్తులుగా వచ్చును. మొదటి పావుగంట కన్ను బొమ్మకును పంక్తికిని నడుమ పరుగులెత్తును. పిదప అలవాటగును. ఆ రెండు వాక్యముల ఇంగ్లీషు చదువలేనివారైనను కంగారు పడనక్కరలేదు. ఆ పిల్ల కంచము ముందు కూర్చుండి మెతుకును అటునిటు త్రోయుచున్నప్పుడు ఏ భాషయు అక్కరలేదు. అభినయమున ఆంగికమును సాత్త్వికమును గలవని చదువుకొన్నవారము, వాచికము తీసివేసినను మిగిలినది ఎంతయో అచ్చట తెలియును.

నా ప్రక్క వృద్ధుడొకడు ఆ పురుగు ఘట్టమున లేచి వెడలిపోయెను. నేను పోలేదు. కారణము చెప్పెదను. నేను పనిచేసిన ఒక పాఠశాలలో పదవ తరగతి బాలిక ప్రార్థన సమయమున మూర్ఛపడినది. ఎండదెబ్బ యనుకొని నీళ్లు చల్లితిమి. తరువాత ఆ పిల్ల మేనత్త చెప్పగా తెలిసినది. చాల దినములుగా రాత్రి అన్నము మానినదట, సన్నబడవలెననియట. ఎవరు చెప్పిరమ్మా అనిన, ఎవరును చెప్పలేదని పలికినది. ధాన్యపు కొట్లు నిండిన సీమలో, అన్నదానమునకు పేరుపడిన సీమలో, ఒక పిల్ల తనంత తాను పస్తుండెను. ఆ సంగతిని మేము ఇంటివారికి చెప్పి ఊరకుంటిమి. అంతకుమించి దానిని గూర్చి మాటాడుటకు మాకు మాటలే లేవు. లిథుయేనియా ఎక్కడ, కోనసీమ ఎక్కడ! ఆ చీకటి శాలలో ఆ రెండును ఒకే యూరైనవి. ఆ చిత్రము అసహ్యమని లేచిపోయినవారిని నేను తప్పుపట్టను. కాని అసహ్యము ఆ చిత్రమునందు లేదు, అది చూపిన వ్యాపారమునందున్నది.

పదుమూడేండ్ల పిల్లలకు ఇది చూపవచ్చునా? ఒంటరిగా చూపరాదని నా యభిప్రాయము. తల్లిగాని, ఉపాధ్యాయురాలుగాని ప్రక్కన కూర్చుండి, చూచిన తరువాత ఒక గంట మాటాడగలిగినచో చూపవచ్చును. నేను చూచునాటికి బహుమాన నిర్ణయము కాలేదు. ఇల్లు చేరిన తరువాత పత్రికలో చదివితిని. పోటీలోని పదునైదు చిత్రములలో దీనికే బంగారు నెమలియు, దానితో వచ్చు 40 లక్షల రూపాయలును లభించినవి. ఆ యిద్దరు బాలికలకును కలిపి ఉత్తమ నటి బహుమానమిచ్చిరి. అంతకుముందు ఆగస్టులో స్విట్జర్లాండు దేశపు లొకార్నో ఉత్సవమునను దానిదే ప్రథమస్థానము.

ఉత్సవమున మరియొక ఆచారము నాకు మిక్కిలి నచ్చినది. చిత్రము తీసినవారు వచ్చియున్నచో, ఆట ముగియగానే దీపములు వెలిగించి, వారిని తెర ముందు నిలుపుదురు. చూచినవారు లేచి ప్రశ్న లడుగుదురు. ఇది మన అవధానమే! పృచ్ఛకులు నాలుగు వైపుల నుందురు. ఒకడు నిజముగా తెలిసికొనుటకు అడుగును, ఒకడు తన పాండిత్యమును చూపుటకు అడుగును, అప్రస్తుత ప్రసంగి యొకడు తప్పక యుండును. కుర్రవాడొకడు లేచి, “ఆ వాన నిజమైన వానయా, గొట్టముతో కురిపించినదా?” అని యడుగగా, దర్శకుడు ఆ ప్రశ్నకే అన్నిటికంటె సంతోషించి, సుదీర్ఘముగా సమాధానము చెప్పెను. చేతిపని గలవానిని పనిముట్లను గూర్చి యడిగినచో ముఖము విప్పారును, మన యూరి వడ్రంగియు అంతే.

మధ్యాహ్నము కేరళోపాధ్యాయునితో కలిసి అన్నము తింటిని. ఆయనకు తెలుగు రాదు, నాకు మలయాళము రాదు, ఇంగ్లీషుతో సంస్కృతమును కలిపి సంభాషించితిమి. ఆయన ఏటేట ఇట్లు వచ్చునట. తమ దేశమున అడూరు గోపాలకృష్ణను ప్రభృతులు 1965లో ‘చిత్రలేఖ’ అను చలనచిత్ర సంఘమును స్థాపించిరనియు, పిమ్మట అట్టి సంఘములు పట్టణముల దాటి పల్లెలకు వ్యాపించెననియు, గ్రంథాలయపు ముంగిట తెర కట్టి పరదేశ చిత్రములను చూపెడివారనియు చెప్పెను. తాను బడిపంతులై చేరిన కొత్తలో, కొబ్బరితోటలో కూర్చుండి జపాను చిత్రము చూచెనట. నాకు కొంచెము అసూయ కలిగినదని ఒప్పుకొందును. గ్రంథాలయోద్యమము మన యాంధ్రదేశమున ఎంత గొప్పగా నడచినది! పుస్తకములను పడవలలో పెట్టి కాలువల వెంబడి త్రిప్పిన జాతి మనది. పుస్తకమునకు చేసిన సేవ చిత్రమునకు చేయరాదను నియమము ఎక్కడ నున్నది? ఒక గ్రంథాలయము, ఒక తెల్లని గోడ, నెలకొక సాయంకాలము, చూచిన తరువాత మాటాడుటకు నలుగురు పెద్దలు. ఇంతకుమించి అందులకు కావలసినదేమియు లేదు.

ఇక సాయంకాలమునకు వత్తును. నేను గోవాకు పోవుటకు ముఖ్య కారణము ఆ సాయంకాలమే. ఆ యేడు నలుగురు కళాకారుల శతజయంతి. రాజ్ కపూరు, తపన్ సిన్హా, మహమ్మద్ రఫీ, మన అక్కినేని నాగేశ్వరరావుగారు. 1924 సెప్టెంబరు 20వ తేదీన కృష్ణాజిల్లా రామాపురములో పుట్టి, నాటకములలో స్త్రీవేషములు కట్టి పైకి వచ్చిన మనిషి. ఆయన శతజయంతి సందర్భమున 1953 నాటి ‘దేవదాసు’ను పునరుద్ధరించి ఉత్సవమున ప్రదర్శించిరి. శరత్‌బాబు వంగ నవలకు కూచిపూడి నాట్యవంశమునకు చెందిన వేదాంతం రాఘవయ్యగారు దర్శకులు. సంగీతము కూర్చిన సుబ్బురామన్‌గారు చిత్రము విడుదల కాకమునుపే 1952లో చిన్న వయస్సుననే పోయిరి.

పునరుద్ధరణ మనగా నేమో తాళపత్రములు చూచినవారికి వెంటనే బోధపడును. చిత్రము తీయునప్పుడు మొదట ఫిలిముపై పడునది నెగటివు. అందు తెలుపు నలుపుగను, నలుపు తెలుపుగను ఉండును. దానినుండి తీసినవే ఊరూర ఆడు రీళ్లు. మా పరిభాషలో నెగటివు మాతృక, రీళ్లు ప్రతులు. తాటాకును పురుగు తినును, చెమ్మ తినును, లేఖకుడు పంక్తి వదలును. ఫిలిమునకును అట్టి శత్రువులే కలవు. చెమ్మకు బూజు పట్టును, వేడిమికి ముడుచుకొనును, పుల్లని వాసన వేయుచు లోలోపల కుళ్లును. యంత్రపు పండ్లకు అంచు చినుగును. తెగినచోట కత్తిరించి అతుకుదురు, అతుకు అతుకునకు కొన్ని బొమ్మలు పోవును. గడియారపు ఒక్క సెకండులో తెరమీద 24 బొమ్మలు దొరలును. ఆ లెక్కను మూడు గంటల చిత్రమునకు 2,59,200 బొమ్మలు. వీనిలో ఒక్కొక్కదానిని యంత్రముపై ఛాయ తీసి, గీతలు చెరపి, మరకలు తుడిచి, ఊగుటను నిలిపి, ధ్వనిలోని గరగరను తొలగించుటయే పునరుద్ధరణము. పరిష్కర్తకున్న ధర్మమే ఇచ్చటను వర్తించును. చెడిన యక్షరమును తెలిసినంత మేర నిలుపవలెను గాని తన కవిత్వము చేర్చరాదు. నలుపు తెలుపుల చిత్రమునకు రంగులు పూయువారిని చూచినప్పుడు నాకు, పోతనగారి పద్యమును దిద్దబోవు వానిని చూచినట్లుండును.

ఈ పనికి జాతీయ చలనచిత్ర భాండాగారమను సంస్థ 1964లో పుణెలో ఏర్పడినది. అప్పటికే ఆలస్యమైనది. మన తొలి తెలుగు టాకీ, 1932 నాటి ‘భక్త ప్రహ్లాద’, ఒక్క ప్రతియైనను మిగులలేదు. హిందీవారి తొలి టాకీ ‘ఆలం ఆరా’ గతియు అంతే. పాత ఫిలిములో కొంచెము వెండి యుండును. ఆట తీరిన చిత్రములను ఆ వెండి కొరకు కరగించిన రోజులు కలవు. తాటాకు కట్టలు పొయ్యిలోనికి పోయిన ఇండ్లు మనకు తెలియవా?

శాల నిండినది. వచ్చినవారిలో తెలుగువారెందరో, కానివారును అంతమంది. తెరపైన సావిత్రిగారి ముఖము కనబడినప్పుడు, పలుకక మునుపే నా ప్రక్కనున్న కేరళోపాధ్యాయుడు నిట్టూర్చెను. ఇంతకాలము నేను టెలివిజనులో చూచినది దేవదాసు కాదు, దేవదాసుపై కురిసిన వాన! గీతల తెర తొలగగా కన్నుల క్రింది నీడయు, పంచె యంచును, దీపపు వెలుగులో పొగ సుడులు తిరుగుటయు స్పష్టముగా కనబడినవి. నటుడు ఎంత తక్కువ కదలెనో అప్పుడు తెలిసినది. పాత ప్రతిలో మనము అతని దుఃఖమును పాటలలో వినియుంటిమి, కొత్తదానిలో అది రెప్పలలో నున్నది.

ఆ చిత్రముతో మా పెదతండ్రిగారికి పాత సంబంధము కలదు. ఆయనకిప్పుడు తొంబది దాటినవి, చూపు మందగించినది. 1953లో ఇరువదియేండ్ల వయస్సున, గోదావరికి ఆవల వేసిన డేరా టాకీసులో దేవదాసు చూచుటకు పడవమీద పోయిరట. ఆ కాలమున ఒకే ప్రతిని రెండు మూడు డేరాలవారు పంచుకొనెడివారు. ఇక్కడ ఆడిన రీలును సైకిలు మీద అక్కడికి, అక్కడిదానిని ఇక్కడికి మోసెడివారు. ఆ రాత్రి గాలివాన కొట్టి పడవ ఆగిపోయినది, కడపటి రీలు రాలేదు. పార్వతి వాకిలివైపు పరుగెత్తబోవు సమయమున తెర తెల్లబడినది. తెల్లవారువరకు కూర్చుండి, రీలు రాదని తెలిసి, జనము లేచిపోయిరట. తరువాత ఆయన ఆ కథ ముగింపును విన్నారు, నవలలో చదివినారు. చిత్రమున మాత్రము చూడలేదు. ఎవరు పిలిచినను చూడనొల్లలేదు.

నేను గోవాకు పోవుచున్నానని తెలిసి, “చివరి రీలు చూసి, నాకు చెప్పరా” అనిరి. ఆ రాత్రి నది యొడ్డున నిలిచి సెల్‌ఫోనులో చెప్పితిని. దుర్గాపురపు చెట్టు క్రింద దేవదాసు పడియుండుట, ఊరివారు మూగుట, మేడమీద పార్వతి వినుట, మెట్లు దిగి పరుగెత్తుట. తలుపులు మూయుమని కేక వినబడునంతవరకు చెప్పగా, ఆయన, “చాలు, ఆపు. మిగతాది నాకు తెలుసు” అనిరి. కొంతసేపటికి, “తలుపు పెద్దదా?” అని యడిగిరి. పెద్దదే యంటిని. “అయితే మూయడానికి కొంచెం సేపు పడుతుంది కదా” అనిరి. నేనేమియు పలుకలేదు. ఇన్నేండ్లుగా ఆయన మనసున ఆ పిల్ల పరుగెత్తుచునే యున్నదని అప్పుడు నాకు తెలిసినది. కరుణరసమును గూర్చి నేను చదివిన అలంకార గ్రంథములలో పడవ దాటని రీలును గూర్చి ఎవరును వ్రాయలేదు.

ఇవి ఒక దినపు సంగతులు. ఉదయమున పొగగ్రమ్మిన లిథుయేనియా, రాత్రి శరత్‌బాబు వంగదేశము, నడుమ వానను గూర్చి యడిగిన కుర్రవాడు. ఇరువురు వృద్ధులకు మోకాళ్లు నొప్పిపుట్టినవి. నడుమ నడుమ కునుకు తీసినవారిని చూచితిని, అది దోషము కాదు. హరికథలో నిద్రించినవారికిని పుణ్యము గలదందురు. మీలో ఎవరైన పోదలచినచో మూడు మాటలు చెప్పెదను. దినమునకు రెండు చిత్రములకు మించి చూడవలదు. మూడవదానితో మొదటిది చెరగిపోవును. పేరుమోసినదానికై త్రొక్కిసలాడక, ఎన్నడు వినని దేశపు చిత్రమునకు పొండు, అచ్చట కుర్చీ దొరకును. మనుమనినో మనుమరాలినో వెంట తీసికొనిపొండు. సెల్‌ఫోను వారు చూచుకొందురు, కథ మీరు చెప్పవచ్చును.

మరునాడు ఆ వరుసలోనే ఆ బాలికతో నిలిచి, ‘35, చిన్న కథ కాదు’ అను తెలుగు చిత్రమునకు పోయితిని. తిరుపతిలో నొక చిన్నవాడు. గణితమున వానికి సున్న వచ్చును. విలువలేని సున్న ఒకటి ప్రక్కన చేరగానే పది యెట్లైనదని వాని సందేహము. అది తీరనిదే ముందుకు పోనని భీష్మించును. పదవ తరగతి తప్పిన తల్లి వాని కొరకై తాను లెక్కలు నేర్చుకొనును. వానికి కావలసినది ముప్పదియైదే. శాలలోని తల్లులు నవ్వుచు కన్నులు తుడుచుకొనిరి. నేను మాత్రము పాత విద్యార్థులను లెక్కపెట్టుకొనుచు కూర్చుంటిని. పూతరేకులు మాత్రము ఆ దినమున లేవు. కాపలాదారు నా సంచి విప్పి చూచి, కొంచెము నిరాశతో మూసెను.